ఒంటిచెవి దొంగా, తల్లా? కథలో జంతువు స్వభావాన్ని ఆధారాలతో చెప్పే పద్ధతి

నాలుగు నుంచి ఏడో తరగతి దాకా తెలుగు చెప్పేవాళ్లకీ, సాయంత్రం పూట పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే అమ్మానాన్నలకీ పనికొచ్చే పద్ధతి ఇది. "ఈ కథలో నక్క స్వభావం ఎలాంటిది?" అని అడిగితే కథ చదవని పిల్లాడు కూడా "నక్క జిత్తులమారి" అని రాసేస్తాడు. చాలాసార్లు మార్కులూ పడిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఆ జవాబు కథలోంచి రాలేదు, నక్కకి లోకంలో ఉన్న పేరులోంచి వచ్చింది.

మనుషుల పాత్రలతో ఈ బెడద ఇంత ఉండదు. రంగయ్య అనే పేరు విని ఆయన పిసినారో దాతో ఎవరూ ముందే తేల్చేయలేరు. నక్క, గాడిద, కాకి, కుందేలు అనేసరికి మాత్రం మొదటి వాక్యం పూర్తికాకముందే ముద్ర పడిపోతుంది. అందుకే జంతువుల కథలు చిన్నపిల్లలకి తేలికని అనుకుంటాం గాని, ఆధారం చూపించి స్వభావం చెప్పమంటే అవే కష్టం.

ముందుగా ఆ ముద్రని చెరపాలి. దానికి పది నిమిషాలు చాలు, పుస్తకం కూడా అక్కర్లేదు. బోర్డు మీద "కుందేలు" అని రాసి, సింహాన్ని బావిలో దూకించిన కుందేలు ఎలాంటిదని అడగండి. తెలివైనదంటారు. తాబేలుతో పందెం కట్టి దారిలో నిద్రపోయినదో? పొగరుబోతు. తర్వాత "కోతి" అని రాయండి. గుండెకాయని చెట్టు మీద మరిచిపోయానని మొసలికి చెప్పి ఒడ్డున పడ్డ కోతికి సమయస్ఫూర్తి ఉంది. కోస్తున్న దుంగలో బిగించిన మేకుని ఊడబీకి నలిగిపోయిన కోతికి అది లేదు. కాకి సంగతీ అంతే. కుండలో గులకరాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చుకున్నదీ కాకే, పొగడ్తకి పొంగిపోయి నోట్లోది జారవిడుచుకున్నదీ కాకే. జంతువు ఒకటే, స్వభావాలు రెండు. ఇక "నక్క కాబట్టి" అన్న మాట కారణంగా చెల్లదని పిల్లలు వాళ్లంతట వాళ్లే ఒప్పుకుంటారు.

అనుమానం అంటే సందేహం కాదు

మన తర్కశాస్త్రంలో దీనికి పాత పేరే ఉంది, అనుమానం. కొండ మీద పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింట్లో చూసి మనకి తెలుసు. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. నిప్పుని ఎవరూ చూడలేదు, అయినా చెప్పగలిగాం. వాడుకలో మాత్రం అనుమానం అంటే సందేహమనే అర్థం స్థిరపడిపోయింది. పిల్లల ముందు ఆ మాట వాడితే "నాకు అనుమానంగా ఉంది టీచర్" దగ్గర ఆగిపోతారు. ఊహ అందామంటే నోటికి ఏదొస్తే అది చెప్పొచ్చనుకుంటారు. "ఆధారమున్న ఊహ" అనండి, లేకపోతే "కాబట్టి మాట" అనండి. రెండోది పిల్లల నోట తొందరగా నిలుస్తుంది.

కొండ ఉదాహరణలో మూడు ముక్కలున్నాయి: కంటికి కనిపించినది, ముందే తెలిసినది, వాటి నుంచి తేలినది. నోటు పుస్తకంలో పేజీని అడ్డంగా తిప్పి మూడు గళ్లు గీయించండి. మొదటి గడికి "కథలో ఉంది", రెండో గడికి "నాకు తెలుసు", మూడో గడికి "కాబట్టి" అని పేర్లు. మధ్య గడిని కాస్త వెడల్పుగా ఉంచాలి. పిల్లలు ఖాళీగా వదిలేసేది దాన్నే, తప్పులు దాక్కునేదీ అందులోనే.

సాధన కోసం ఒక చిన్న కథ

పిల్లలకి ముందే తెలిసిన కథతో మొదలుపెట్టకండి. నీతి తెలిసిన కథలో ఆధారాలు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. కింది కథ దీని కోసమే రాసినది, ఒంటిచెవి అనే పిల్లిది, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నడుస్తుంది. కాగితం మీద రాసి ఇచ్చేటప్పుడు వాక్యాలకి అంకెలు తప్పకుండా వేయండి. అంకె లేకపోతే పిల్లలు ఆధారమని చెప్పి సగం కథ ఎక్కించేస్తారు.

1. తెల్లవారుజామున మరబోట్లు ఒడ్డుకి వచ్చేసరికి ఒంటిచెవి ఐసు గది గోడ మీద కూర్చుని ఉంది.
2. హార్బర్‌లో దానంత దొంగపిల్లి ఇంకోటి లేదట.
3. మిగతా పిల్లులు వలల చుట్టూ అరుచుకుంటూ తిరుగుతున్నాయి.
4. ఒంటిచెవి కదల్లేదు, నూకాలు తట్ట ఎక్కడ దించుతుందో చూస్తోంది.
5. వేలంపాట మొదలై జనం గుమిగూడాక గోడ దిగి, తాళ్ల చుట్టల వెనక నుంచి వచ్చింది.
6. తట్ట అంచున ఉన్న కానాగంతని తోక పట్టి లాగింది.
7. "మళ్లీ వచ్చీసావేటే దొంగమొకమా!" అని నూకాలు చీపురు ఎత్తింది గాని విసరలేదు.
8. ఒంటిచెవి చేపని అక్కడ తినలేదు.
9. నోట కరుచుకుని, రెండుసార్లు ఆగి వెనక్కి చూసి, ఒడ్డున బోర్లించిన పాత పడవ కిందికి దూరింది.
10. పడవ కింద సన్నటి కూతలు వినిపించాయి.
11. కాసేపటికి ఒంటిచెవి ఒక్కటే బయటికొచ్చి, చేపల నీళ్లు కారిన గచ్చుని నాకింది.
12. మధ్యాహ్నం నల్లకుక్క ఒకటి వాసన చూసుకుంటూ పడవ దగ్గరికి వచ్చింది.
13. ఒంటిచెవి వీపు విల్లులా వంచి, బొచ్చు నిక్కబొడుచుకుని, కుక్కకీ పడవకీ మధ్య నిలబడింది.
14. కుక్క వెళ్లిపోయాక కూడా చాలాసేపటి దాకా కూర్చోలేదు.
15. సాయంత్రం ఇంటికి పోతూ నూకాలు పడవ పక్కన రెండు చేప తలకాయలు పడేసింది.
16. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు బయటికొచ్చింది ఒంటిచెవి.

చదివే పద్ధతి

మొదటిసారి పెన్సిల్ పక్కన పెట్టి ఏకబిగిన చదవాలి. ప్రశ్న ముందే చెప్పేస్తే పిల్లలు కథ చదవడం మానేసి జవాబు కోసం గాలిస్తారు. అందుకని ప్రశ్నని రెండో చదువు ముందు ఇవ్వండి.

రెండోసారి రెండు రంగుల పెన్సిళ్లతో చదవాలి. పిల్లి గురించి కథ నేరుగా చెప్పేసిన మాటల కింద ఎర్రగీత, పిల్లి చేసిన పనుల కింద నీలంగీత. ఈ కథలో ఎర్రగీత పడేది రెండు చోట్లే: రెండో వాక్యంలో "దొంగపిల్లి", ఏడో వాక్యంలో నూకాలు తిట్టు. మిగతాదంతా నీలమే. ఎర్రది ఎవరో చెప్పిన మాట, నీలం మన కళ్లముందు జరిగినది. రెండూ ఒకటే చెబితే సరే. ఒకదానికొకటి ఎదురు తిరిగితే నీలం మాటే చెల్లాలి.

నీలంగీతలు గీసేటప్పుడు పిల్లల చూపు ఎప్పుడూ పెద్ద పనుల మీదికే పోతుంది. చేప లాగడం, కుక్కకి ఎదురు నిలబడడం. అవి ఎవరికైనా కనిపిస్తాయి. అసలు సరుకు చేయని పనుల్లో ఉంటుంది. నాలుగో వాక్యంలో "కదల్లేదు", ఏడులో "విసరలేదు", ఎనిమిదిలో "తినలేదు", పద్నాలుగులో "కూర్చోలేదు". ఈ చిన్న కథలోనే నాలుగు "లేదు"లున్నాయి. ఆకలితో ఉన్న పిల్లి నోట్లో చేప పెట్టుకుని తినలేదంటే, ఆ "లేదు" వెనక ఏదో కారణం ఉండి తీరాలి. పిల్లలకి వేరే ఏమీ చెప్పకపోయినా "లేదు, కాదు, మానేసింది, ఆగింది అన్న మాటలకి చుట్టూ సున్నా చుట్టండి" అని ఒక్కటి చెబితే సగం పని అయిపోతుంది.

తర్వాత చూడాల్సింది ఒళ్లు: తోక, చెవులు, వీపు, అడుగులు. ఆ తర్వాత పక్కవాళ్లు దానితో ఎలా మెలుగుతున్నారన్నది. జంతువులు మాట్లాడుకునే కథయితే మాటలూ ఆధారమే, ముఖ్యంగా పిలుపులు. "కాకి బావా" అని వరస కలిపిన నక్క ఎక్కడ ఆ వరస వదిలేసిందో వెతకండి. నిన్నటి దాకా "ఒరేయ్" అన్న తోడేలు ఇవాళ హఠాత్తుగా "మీరు" అంటోందంటే ఏదో అవసరం పడిందన్నమాట. "మీరు, నువ్వు, నీవు, ఒరేయ్, ఏమే" లాంటి పిలుపులు ఎక్కడ మారితే అక్కడ వాక్యం అంకె రాసుకోమనండి. చుట్టరికమూ దర్జా పిలుపులోనే తెలిసిపోయే భాష మనది. ఇంత తేరగా దొరికే ఆధారాన్ని వదులుకోకూడదు.

"అట" వచ్చిన చోట ఆగాలి

రెండో వాక్యం "లేదు" అనలేదు, "లేదట" అంది. ఆ ఒక్క "ట" వల్ల కథ చెప్పేవాడు పక్కకి తప్పుకున్నాడు. ఎవరో అన్నారు, తాను చూడలేదు. "దొంగపిల్లి" అని జవాబు రాసిన పిల్లాడితో గొడవ పడక్కర్లేదు, ఈ "ట" మీద వేలు పెట్టి "ఇది ఎవరు చూశారు?" అని అడగండి.

అట లాంటివే మరికొన్ని ఉన్నాయి. "వచ్చింది కాబోలు" అంటే చెప్పేవాడు అక్కడున్న గుర్తుల్ని బట్టి లెక్క వేసుకుంటున్నాడు. "వచ్చిందేమో" అంటే ఆ లెక్క కూడా గట్టిది కాదు. "వచ్చినట్టు నటించింది" అంటే రాలేదు. పెద్దవాళ్లకి ఇవి చెవికి ఆనవు, అలవాటైపోయాయి. పదేళ్ల పిల్లలు మాత్రం "అట" ఉన్నా లేకపోయినా వాక్యాన్ని ఒకేలా చదువుకుపోతారు. వాళ్ల చేత పైకి చదివించి, "ట" దగ్గర గొంతు మార్చమనండి.

గళ్లు నింపడం

ఎనిమిది, తొమ్మిది, పది వాక్యాలు తీసుకుందాం. "కథలో ఉంది" గడిలో: చేప దొరికినా అక్కడ తినలేదు (8), వెనక్కి చూసుకుంటూ పడవ కిందికి తీసుకుపోయింది (9), అక్కడ సన్నటి కూతలు (10). "నాకు తెలుసు" గడిలో: పిల్లి పిల్లల్ని ఎవరికీ కనపడని చోట దాస్తుంది, వాటి కూత సన్నగా ఉంటుంది. "కాబట్టి" గడిలో: పడవ కింద దాని పిల్లలు ఉన్నాయి, చేప వాటి కోసమే తెచ్చింది.

కథలో "పిల్లలు" అన్న మాట ఎక్కడా లేదు. "తల్లి" అన్న మాటా లేదు. అయినా చెప్పగలిగాం. పిల్లలకి ఇది చూపించాలి, నిప్పు కనపడకుండానే నిప్పుందని చెప్పడమంటే ఇదే.

ఇక్కడే మరో మెలిక ఉంది, జంతువుల సంగతి తెలిసినవాళ్లకే కనపడుతుంది. పిల్లి కూనలు పాలు కాకుండా మెత్తటి తిండి ముట్టుకోవడం మొదలుపెట్టేది దాదాపు నాలుగు వారాల వయసులో. అంతకన్నా చిన్నవైతే చేప తినేది తల్లే, పిల్లలకి పాలిస్తుంది. పాలిచ్చే పిల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. అంటే పదకొండో వాక్యానికి దారులు రెండు. చేపని పిల్లలకి వదిలేసి తాను గచ్చు నాకిందని ఒకటి. చేప తానే తిన్నా ఆకలి తీరక నాకిందని ఇంకొకటి. కూనల వయసు కథ చెప్పలేదు. కాబట్టి "తాను పస్తుండి పిల్లలకి పెట్టింది" అని ఖాయంగా రాయకూడదు, "పెట్టి ఉండొచ్చు" అని రాయాలి. ఏ దారిన పోయినా దాని ఆకలి ఇంకా తీరలేదన్నది మాత్రం గట్టి మాట.

పదమూడో వాక్యం దగ్గర దాదాపు అందరూ బోల్తా పడతారు. "ఒంటిచెవికి భయం లేదు" అని రాస్తారు. వీపు విల్లులా వంచి బొచ్చు లేపడం పిల్లి భయపడినప్పుడు చేసే పని. ఒళ్లు పెద్దదిగా కనిపించి ఎదుటిది జంకాలని అలా చేస్తుంది. అంటే మధ్య గడిలో తప్పు సమాచారం పడింది, అందువల్ల మూడో గడి తలకిందులైంది. సరైన వరస ఇలా ఉంటుంది: భయపడింది (ఒళ్లు చెబుతోంది), అయినా పారిపోలేదు, పైగా పడవకి అడ్డంగా నిలబడింది, కాబట్టి తెగువ ఉంది. భయం లేకపోవడమూ తెగువా ఒకటి కాదని ఇంత సులువుగా చూపించే వాక్యం ఇంకోటి దొరకదు.

జంతువుల ఒంటి భాషలో పిల్లలకి తరచు తప్పిపోయేవి మరో రెండు. కుక్క తోక ఊపితే సంతోషమేనని రాసేస్తారు. తోక బిగదీసి పైకెత్తి ఊపినా, కాళ్ల మధ్య దాచుకుని ఊపినా అర్థాలు వేరు. పిల్లి తోకని నిటారుగా లేపి దగ్గరికొస్తే అది పలకరింపు, దెబ్బలాట కాదు. కథ రాసినవాళ్లు ఇవన్నీ గమనించే రాస్తారన్న భరోసా లేదనుకోండి. అలాంటప్పుడు కథలోని మిగతా ఆధారాలు ఎటు మొగ్గితే అటే పోవాలి.

జాతి గుణమా, పాత్ర గుణమా?

చిన్న ముక్క ఒకటి ఇవ్వండి: "రాత్రి గుడ్డులోంచి బయటపడిన తాబేలు పిల్ల సముద్రం వైపు పోకుండా బీచ్ రోడ్డు దీపాల వైపు పాకడం మొదలుపెట్టింది." తాబేలు పిల్ల ఎలాంటిదని అడిగితే "తెలివితక్కువది" అనీ "మాట విననిది" అనీ రాస్తారు. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుక తవ్వి ఒక్కో గూట్లో సుమారు వంద గుడ్లు పెడతాయి. పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే బయటపడతాయి, వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకి పాకుతాయి. చీకటి ఒడ్డున ఆ దిక్కు సముద్రమే అవుతుంది. రోడ్డు మీద దీపాలు వెలిగితే దారి తప్పుతుంది. కాబట్టి ఈ వాక్యంలో ఉన్నది తాబేలు పిల్లలన్నీ చేసే పని. ఈ ఒక్క పిల్ల స్వభావం గురించి ఇందులో ఏమీ లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: "ఆ జాతిలో ఏదైనా ఇలాగే చేస్తుందా?" చేస్తుందంటే అది జాతి గుణం. పిల్లి చేప తినడం, కుక్క వాసన చూడడం, కాకి కావుమనడం స్వభావానికి ఆధారాలు కావు. తోటివాటికి భిన్నంగా ఏం చేసిందో అదే పాత్ర గుణం. ఒంటిచెవి కథలో మూడో వాక్యం ఉన్నది అందుకే. మిగతా పిల్లులు అరుస్తూ తిరుగుతుంటే ఇది గోడ మీద కదలకుండా చూస్తోంది. మూడో వాక్యం తీసేస్తే నాలుగోది సగం బలం పోగొట్టుకుంటుంది.

మాట ఎంపిక

"మంచిది, చెడ్డది, తెలివైనది". ఈ మూడింటినీ వారం రోజులు నిషేధించండి. ఎక్కడైనా సరిపోయే మాట ఏ కథకీ సరిపోదు. వాటి బదులు దగ్గర దగ్గరగా ఉండే జంటలు ఇచ్చి తేల్చమనాలి. జాగ్రత్తా పిరికితనమా? ఆశపోతా ఆకలిగొన్నదా? పట్టుదలా మొండితనమా? తెలివా గడుసుతనమా? అమాయకత్వమా మూర్ఖత్వమా?

జాగ్రత్త, పిరికితనం జంటని ఒంటిచెవి మీద పెట్టి చూడండి. జనం కళ్లు వేలంపాట మీద ఉన్నప్పుడు దిగింది, తాళ్ల చాటున వచ్చింది (5), రెండుసార్లు వెనక్కి చూసింది (9), నూకాలు మలుపు తిరిగేదాకా ఆగింది (16). ఇంతవరకే చూస్తే ఏ మాటైనా సరిపోతుంది. పదమూడో వాక్యం రాగానే "పిరికి" నిలబడదు. జాగ్రత్తే మిగులుతుంది. ఆశపోతా ఆకలిగొన్నదా అన్నదీ ఇలాగే తేలుతుంది. నిండు తట్టలోంచి లాగింది ఒక్క కానాగంతనే, గచ్చు నాకింది. ఆశపోతు అనడానికి ఆధారం లేదు.

స్థితికీ స్వభావానికీ తేడా ఉంది. కోపం వచ్చింది అంటే స్థితి. కోపిష్ఠి అంటే స్వభావం. ఒక్క వాక్యం ఆధారంగా స్థితి చెప్పొచ్చు, స్వభావం చెప్పాలంటే కనీసం రెండు వేర్వేరు సందర్భాలు కావాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు గాని, ఆ సామెత పాత్రలకి చెల్లదు. గిన్నెలో మెతుకులన్నీ ఒకే నిప్పు మీద ఉడుకుతాయి. పొద్దున చేప దగ్గరున్న పిల్లీ, మధ్యాహ్నం కుక్క ఎదుటి పిల్లీ ఒకే నిప్పు మీద లేవు.

ఎదురు ప్రశ్న

ముంగిస మూతికి నెత్తురు చూసి, ఉయ్యాలలో బిడ్డని చంపేసిందనుకుని దాన్ని కొట్టి చంపిన తల్లి కథ పిల్లలందరికీ తెలుసు. ఆమె దగ్గర ఆధారం లేకపోలేదు, నెత్తురు నిజంగానే ఉంది. "ఇంకెవరి నెత్తురైనా కావచ్చా?" అన్న ప్రశ్న వేసుకోలేదు, ఉయ్యాల దగ్గరికి వెళ్లి చూడలేదు. పిల్లలు రాసిన ప్రతి "కాబట్టి" కిందా "ఇంకేమై ఉండొచ్చు?" అని రాయించి, ఒక్కటైనా వేరే కారణం వెతికించండి. వెతికినా దొరకకపోతే వాళ్ల నిర్ణయం గట్టిది. దొరికితే దాన్ని కొట్టేసే వాక్యం కథలో ఉందో లేదో చూడాలి.

గుహతో మాట్లాడిన నక్క ఈ పని చేసింది. సింహం అడుగులు లోపలికి పోయాయి, బయటికి రాలేదు. లోపల ఉందేమో అనుకుంది గాని అక్కడితో తేల్చేయలేదు. "గుహా, గుహా" అని పిలిచి, జవాబు వచ్చాక పరుగు తీసింది.

ఒంటిచెవి అన్న పేరు మీద ఎదురు ప్రశ్న వేసి చూడండి. "ఒక చెవే ఉంది కాబట్టి పోట్లాటలమారి" అని కనీసం ఒకరైనా రాస్తారు. చెవి కుక్క కరిచినా పోతుంది, బండి కింద పడినా పోతుంది. వీధికుక్కల చెవికి చిన్న కోత ఉంటే అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారన్న గుర్తు. పిల్లి చెవి ఎలా పోయిందో కథ చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ కనపడదు. అలాంటప్పుడు "కాబట్టి" గడిలో "చెప్పలేం" అని రాయాలి. "చెప్పలేం" అని రాసినందుకు మార్కు తగ్గించకండి.

బలాన్ని మూడు మెట్లుగా పెట్టుకుంటే చాలు. రెండు మూడు ఆధారాలు ఒకే వైపు చూపిస్తే "ఉంది, చేసింది" అని నేరుగా రాయాలి. ఆధారం ఒకటే ఉండి వేరే దారీ ఉంటే "అయి ఉండొచ్చు". ఆధారమే లేకపోతే "కథ చెప్పలేదు". ఐదారు మెట్లు పెడితే పిల్లలు మెట్లు లెక్కపెట్టుకోవడంలో కథ మరిచిపోతారు.

జవాబు రాయడం

తప్పు జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: "ఒంటిచెవి చాలా మంచి తల్లి పిల్లి. అది చేప తీసుకుని పడవ కిందికి వెళ్లింది. తర్వాత కుక్క వచ్చింది. అది కుక్కతో పోరాడింది. దీనివల్ల మనం తల్లిని గౌరవించాలని తెలుస్తుంది." ఇందులో లోపాలు నాలుగు. "మంచి" ఎటూ పోని మాట. మధ్య వాక్యాలు కథని తిరిగి చెప్పాయి గాని, వాటి వల్ల తల్లి అని ఎలా తెలిసిందో చెప్పలేదు. "పోరాడింది" కథలో లేదు, నిలబడడమే ఉంది. చివరిది నీతి. స్వభావం అడిగితే నీతి రాయడం మన పరీక్షల అలవాటు, కాస్త గట్టిగానే మాన్పించాలి.

సరిదిద్దితే ఇలా వస్తుంది: "ఒంటిచెవి జాగ్రత్త, తెగువ రెండూ ఉన్న తల్లి. చేప దొరికినా అక్కడ తినకుండా (8) వెనక్కి చూసుకుంటూ పడవ కిందికి తీసుకుపోయింది (9), అక్కడ సన్నటి కూతలు వినిపించాయి (10). పిల్లులు కూనల్ని చాటున దాస్తాయి గనుక అవి దాని పిల్లలే. కుక్క వచ్చినప్పుడు భయంతో బొచ్చు లేచినా పడవకి అడ్డంగా నిలబడింది (13). దాన్ని అందరూ దొంగ అంటారు గాని, అది విన్న మాటే (2)." ఐదు వాక్యాలు. చివరి వాక్యం ముఖ్యం, ఎదురు నిలిచే ఆధారాన్ని దాచిపెట్టకుండా ఒప్పుకుంది. నిజానికి చేప లాగింది కూడా (6). దొంగతనం జరగలేదని రాస్తే అదీ తప్పే అవుతుంది.

పెద్ద తరగతి పిల్లలకి నూకాలు స్వభావాన్నీ ఇదే పద్ధతిలో అడగొచ్చు. తిట్టులో "మళ్లీ" ఉంది, అంటే ఇది మొదటిసారి కాదు. "ఏటే" అన్నది చనువున్న పిలుపు. చీపురు విసరలేదు. సాయంత్రం తలకాయలు పడేసింది, అదీ పడవ పక్కనే. పడవ కింద ఏముందో ఆమెకి తెలుసా? ఇది పిల్లలు కొట్టుకునే ప్రశ్న. పదిహేనో వాక్యం తెలుసని చూపిస్తోంది, ఖాయంగా చెప్పడం లేదు.

బయట సాధన

కథలోనే కాకుండా కళ్లతో చూసి కూడా సాధన చేయించొచ్చు. కంబాలకొండ పక్కనున్న ఇందిరాగాంధీ జూపార్కుకి తీసుకెళ్తే పాతిక జంతువుల ముందు పరుగెత్తించకండి. ఒకే ఆవరణ ముందు పది నిమిషాలు నిలబెట్టి మొదటి గడి మాత్రమే నింపించండి. "పులి కోపంగా తిరుగుతోంది" అని రాస్తే "కోపంగా" కొట్టేయించండి, కనిపించింది తిరగడమే. తిండి వేళ అయి ఉండొచ్చు, ఆవరణలో ఏర్పడిన అలవాటు అయి ఉండొచ్చు. ఇంటికొచ్చాక మిగతా రెండు గళ్లు. జూ దాకా పోనక్కర్లేదు, మేడ మీద పిట్టగోడ మీది కాకి అయినా చాలు.

పని ఎంత ఒంటబట్టిందో చూడాలంటే చివర్లో కథలో వాక్యాలు తీసేసి చూడండి. పదో వాక్యాన్ని చెరిపేసి, "ఇప్పుడు తల్లి అని ఎవరైనా చెప్పగలరా?" అని అడగండి. కొందరు పదమూడో వాక్యం చూపించి చెప్పొచ్చంటారు. మరికొందరు అది దాచుకున్న చేపకి కాపలా కూడా కావచ్చంటారు. ఎనిమిదో వాక్యాన్నీ చెరిపేసి మళ్లీ అడగండి. తరగతిలో చేతులు ఒక్కొక్కటే దిగుతాయి. ఎవరి చెయ్యి ఎక్కడ దిగిందో పక్కన రాసుకుంటే, రేపు ఎవరికి ఏ వాక్యం దగ్గర కూర్చుని చెప్పాలో తెలుస్తుంది.